ఖాళీ ట్యూబులో పెరిగింది

మేడమ్ పోయారని నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. విన్నిపెగ్‌లోని తెలుగువాళ్ళ గ్రూపు అది. ఎవరో ఆమె ఫోటో పెట్టి, గుండెపోటుతో పోయారని రెండు లైన్లు రాశారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, మధ్యలో ఎవరిదో బేస్‌మెంట్ అద్దెకుందనే మెసేజ్, మళ్ళీ చేతులు జోడించిన బొమ్మలు. నేను లంచ్ బ్రేక్‌లో ఉన్నాను. డబ్బా మూత తీసినదాన్ని మళ్ళీ పెట్టేశాను. ఎవరికైనా ఫోన్ చేసి ఏడవాలనిపించింది గానీ, ఆమె నాకు ఏమవుతారని చెప్పి ఏడవాలో తెలియలేదు. బంధువు కాదు, మా ఊరామె కాదు. నాకు ఉద్యోగం ఇచ్చిన మనిషి, అంతే అని అప్పటిదాకా అనుకున్నాను.

ఆ ఆదివారం సంతాప సభ జరిగింది. ఆమెతో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక పెద్దాయన, కెనడా ఆయనే, లేచి మాట్లాడారు. ఆమె ఎంత నిజాయితీ గల మనిషో చెప్పడానికి ఒక సంగతి గుర్తు చేశారు. అందరూ మాట్లాడుకోబోయిన ఒక ఫలితం ఆమె చేతి పొరపాటు వల్ల మట్టిగొట్టుకుపోయిందట. ఎవరూ వేలెత్తి చూపకముందే ఆమె లేచి, తప్పు నాది, నా చేతి నుంచే ట్యూబుల్లోకి బ్యాక్టీరియా వెళ్ళింది అని ఒప్పుకున్నారట. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను. ఆ చెయ్యి ఆమెది కాదు, నాది. ఈ సంగతి నాకు తెలిసి ఇంకా నెల కాలేదు. ఆమెను ఎరిగినవాళ్ళందరికీ తెలిసేలా చెప్పకపోతే నా మనసు కుదుటపడేలా లేదు.

నేను కరీంనగర్‌లో మైక్రోబయాలజీ చదివి, ఇక్కడికి డిప్లొమా చేయడానికి వచ్చాను. అది అయ్యాక వర్క్ పర్మిట్ మీద ఒక కాఫీ షాపులో డోనట్లు అమ్మేదాన్ని. ఒకరోజు కౌంటర్ దగ్గర కాఫీ తీసుకుంటున్న ఆమె నా బ్యాడ్జి మీది పేరు చూసి తెలుగులో పలకరించారు.

"ఏం చదివావమ్మా?"

"మైక్రోబయాలజీ, మేడమ్."

"మరి డోనట్లు ఎందుకు అమ్ముతున్నావు?"

"ఇక్కడ ఎక్స్‌పీరియన్స్ లేదు మేడమ్. ఎవరిస్తరు జాబు?"

"సోమవారం రా. నేనిస్తాను. బూట్లు వేసుకుని రా, పార్కింగ్ లాట్‌లో పని."

తమాషా చేస్తున్నారేమో అనుకున్నాను. నిజంగానే పార్కింగ్ లాట్‌లో పని. ఆమె యూనివర్సిటీలో పట్నం పక్షుల మీద పరిశోధన చేసేవారు. మన ఊళ్ళో లాంటి కాకులు, సీగల్స్ అనే సముద్రపు పక్షులు, చెరువుల దగ్గర తిరిగే బాతులు, వీటి కడుపుల్లో మందులకు లొంగని బ్యాక్టీరియా ఎంత ఉంది, ఎక్కడి నుంచి వస్తోంది అన్నది ఆమె ప్రశ్న. విన్నిపెగ్‌కి సముద్రం వందల మైళ్ళ దూరం. అయినా ఏప్రిల్ రాగానే సీగల్స్ దిగుతాయి. బర్గర్ షాపుల వెనక, చెత్త డంపుల మీద, హాస్పిటళ్ళ పార్కింగుల్లో వాటిదే రాజ్యం. పొద్దున్నే ఆరింటికి మేమిద్దరం వెళ్ళి, అవి ఎగిరిపోయేదాకా కారులో కూర్చుని, ఎగిరాక మోకాళ్ళ మీద కూర్చుని తాజా రెట్టల్లో దూదిపుల్లలు ముంచి, ట్యూబుల్లో పెట్టి మూతలు బిగించేవాళ్ళం. అటుగా వెళ్ళేవాళ్ళు ఆగి మరీ చూసేవారు. మొదటి నెలంతా నేను కోటు హుడ్ కళ్ళమీదికి లాక్కుని పనిచేశాను, తెలిసినవాళ్ళు చూస్తే బిడ్డకు కెనడాలో ఇదా ఉద్యోగం అని మా అమ్మ దాకా వెళ్తుందని.

ఆమెకు ఆ సిగ్గు లేదు. అరవై దాటిన మనిషి, రాజమండ్రి వైపు నుంచి నలభై ఏళ్ళ కిందట వచ్చినావిడ, చక్కటి కాటన్ చీర మీద పెద్ద పార్కా కోటు వేసుకుని తారురోడ్డు మీద పాకేవారు. "నాకీ పనిలో నచ్చేది ఇదే," అనేవారు. "మనిషైతే శాంపిల్ ఇమ్మంటే ఫారం మీద సంతకాలు, సవాలక్ష ప్రశ్నలు. వీటికి ఏ మొహమాటం లేదు."

ఇక్కడ ప్రొఫెసర్లను కూడా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాలేదు. "మేడమ్ ఏవిటి, ఇదేమన్నా హైస్కూలా?" అని మొదట్లో విసుక్కున్నారు. తర్వాత మిగతా స్టూడెంట్లు కూడా, తెల్లవాళ్ళతో సహా, మేడమ్ అనడం మొదలుపెట్టారు. అది నా పుణ్యమే.

పనిలో ఆమె చండశాసనురాలు. ట్యూబు మీద పేరు రాయకుండా మూత తీస్తే ఊరుకునేవారు కాదు. "తెలీదు అని రాయడానికి ఎప్పుడూ సిగ్గుపడకు, తెలిసినట్టు రాయడానికి సిగ్గుపడు" అనేవారు. తెలుగు అసోసియేషన్ వాళ్ళు తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఆమెకు మందుల పోలీసు అని పేరు. ఎవరైనా దగ్గితే చాలు, ఇంకెవరో ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ స్ట్రిప్పు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీయడం మనవాళ్ళకు అలవాటే కదా. ఆమె కంటపడితే అక్కడికక్కడే క్లాసు. "మిగిలిన మాత్రలు చెత్తలో వేస్తారు. ఆ చెత్త మీద పక్షి వాలుతుంది. అది కొనుక్కుని వేసుకోలేదమ్మా ఆ మందు, మనం పెడితే తిన్నది." జనం ఆమె ముందు బుద్ధిగా తలూపి, ఆమె అటు తిరగ్గానే స్ట్రిప్పు చేతులు మార్చేవారు. నేనూ చూసి నవ్వుకున్నదాన్నే.

రెండో ఏడాది మార్చిలో మా చెల్లెలి పెళ్ళికి కరీంనగర్ వెళ్ళాను. పెళ్ళికి మూడు రోజుల ముందు విరేచనాలు పట్టుకున్నాయి. మెడికల్ షాపులో అడిగితే ఐదు రోజులకు మాత్రలు ఇచ్చాడు. రెండు రోజులకు తగ్గింది, మానేశాను. మిగిలినవి సూట్‌కేసులో వేసుకొచ్చి, ఇక్కడ గొంతునొప్పి అన్న రూమ్మేట్‌కి ఇచ్చాను. మేడమ్ దగ్గర దాదాపు రెండేళ్ళు పనిచేసిన పిల్లను. మాత్రలు మధ్యలో ఆపితే ఏమవుతుందో కొత్త స్టూడెంట్లకు చెప్పేదాన్ని కూడా నేనే.

తిరిగొచ్చేసరికి సీగల్స్ వచ్చే వేళైంది. అప్పటికింకా చలి తగ్గలేదు. ఆ పొడిగాలికి నా చేతులు పగిలి నెత్తురు కనబడేవి. కొబ్బరినూనె రాసుకునేదాన్ని. నూనె చేతులకు గ్లవ్స్ జారిపోతున్నాయని, శాంపిల్ ట్యూబుల్లో పోసే ద్రావణం బాటిల్‌ని ఒకరోజు ఒట్టి చేతులతోనే పట్టుకుని మూత తీశాను. ఇంకా పక్షి రెట్ట తగలని శుభ్రమైన ద్రావణమే కదా, దీనికేం అనుకున్నాను. చేతులు కడుక్కున్నానా? కడుక్కున్నాననే అనుకుంటున్నాను. పగిలిన చేతులకు సబ్బు మంట పుట్టిస్తుంది. ఎంత శ్రద్ధగా కడుక్కుని ఉంటానో మీరే ఊహించుకోండి.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. బ్యాక్టీరియా పెరిగిన ప్లేటు మీద మందు బిళ్ళ పెడితే, మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఏడు ప్లేట్లలో వలయం లేదు. అది మామూలు మందు కాదు, ఇంకే మందూ పనిచేయనప్పుడు హాస్పిటల్లో ఆఖరున వాడేది. మా శాంపిళ్ళలో అలాంటిది అంతకు ముందెప్పుడూ కనబడలేదు. మేడమ్ ప్లేటును లైటు కింద పెట్టి చాలాసేపు చూశారు. పై వాళ్ళ నుంచి ఫోన్లు వచ్చాయి. ఒక పెద్ద సభలో మాట్లాడమని పిలుపు వచ్చింది. పాతికేళ్ళుగా రెట్టలు ఏరుతున్నావిడను మొదటిసారి జనం సీరియస్‌గా తీసుకున్నారు. ఆ వారం ఆమె ల్యాబ్‌కు పూతరేకులు తెచ్చారు. ఎక్కడ సంపాదించారో గానీ, తెల్ల పిల్లలు కాగితం తినమంటున్నారేమోనని బెదిరిపోతుంటే ఆమె పడీపడీ నవ్వారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేము ఫీల్డుకు వెళ్ళిన ప్రతిసారీ రెండు ఖాళీ ట్యూబులు కూడా తీసుకెళ్ళేవాళ్ళం. వాటిలో ద్రావణం ఉంటుంది గానీ రెట్ట పెట్టం. అక్కడ మూత తీసి, మళ్ళీ పెట్టి తెస్తాం. వాటిలో ఏమీ పెరగకూడదు. పెరిగితే లోపం పక్షిలో లేదు, మాలో ఉందని అర్థం. ఆ ఏడు శాంపిళ్ళు తెచ్చిన వారం ప్లేట్లు అయిపోయాయని ఖాళీ ట్యూబులను నేను ఫ్రిజ్‌లో ఉంచేశాను. మేడమ్ అడిగితే, ఖాళీవే కదా, కొత్త ప్లేట్లు వచ్చాక చేద్దామన్నాను. సభకు పది రోజుల ముందు ఆమె వాటిని తీసి స్వయంగా ప్లేటు మీద వేశారు. మర్నాటికి అదే బ్యాక్టీరియా దట్టంగా పెరిగింది.

ఆమె నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. గొంతు పెంచలేదు.

"ఇది సీగల్‌ది కాదమ్మా. ద్రావణంలోనే ఉంది. మన ఇద్దరిలో ఎవరో తెచ్చి ఉంటాం. నేను డిసెంబర్లో రాజమండ్రి వెళ్ళొచ్చాను, నువ్వు మార్చిలో వెళ్ళొచ్చావు. అక్కడ ఎంతోమంది కడుపుల్లో జబ్బేమీ చేయకుండా ఊరికే ఉంటుందిది." నా వైపు తిరిగి అడిగారు. "అక్కడ ఏమైనా మాత్రలు వేసుకున్నావా?"

"లేదు మేడమ్," అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. అప్పుడు ఇక్కడే స్థిరపడేందుకు పెట్టుకున్న నా పీఆర్ అప్లికేషన్ సగంలో ఉంది. దానికి ఎంప్లాయర్ లెటర్ కావాలి, ఉద్యోగం ఉండాలి. ల్యాబ్‌ను పాడుచేసిన టెక్నీషియన్‌ని ఎవరు ఉంచుకుంటారు? వర్క్ పర్మిట్ ఏడు నెలల్లో అయిపోతుంది. నా కళ్ళముందు మా నాన్న తీసుకున్న లోను, ఎయిర్‌పోర్టు, మా వీధి, ఏమైంది బిడ్డా వచ్చేసినవ్ అని అడిగే మొహాలు, అన్నీ ఒక్కసారే తిరిగాయి.

"సరే," అన్నారామె. "ఇద్దరం శాంపిల్ ఇద్దాం. నేనే పరీక్ష చేస్తాను. ఇంకెవరికీ తెలియక్కర్లేదు."

నాలుగు రోజుల తర్వాత కారిడార్‌లో ఎదురై, నడుస్తూ నడుస్తూనే చెప్పారు. "నాదేనమ్మా. నీదేం లేదు. పోయి పని చూసుకో."

నాకు సంతోషం కలిగింది. ఇది దాచి లాభం లేదు. ఆమె పాతికేళ్ళ పని కూలిపోతుంటే నేను బాత్రూంలోకి వెళ్ళి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ సాయంత్రం రూమ్మేట్‌తో కలిసి బిర్యానీ తెప్పించుకుని తిన్నాను.

మేడమ్ సభకు వెళ్ళారు, కానీ ఫలితం చెప్పడానికి కాదు. అది తప్పని, ఆ తప్పు తన చేతిదని చెప్పడానికి. వచ్చే ఏడాదికి రావాల్సిన గ్రాంటు రాలేదు. అయినా మిగిలిన కాస్త డబ్బుతో ఆ వేసవిలోనే మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఖాళీ ట్యూబులను ముందు పరీక్షించి, అవి శుభ్రంగా ఉన్నాయని తేలాకే పక్షుల వాటిని చూశాం. రెండు సీగల్స్‌లో దొరికింది. ముందటి దానంత మొండిది కాదు గానీ, నిజమైనది. ఆమె చెప్తూ వచ్చిందే రుజువైంది. కానీ ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే. ఈసారి చేతులు కడుక్కున్నారా అని నవ్వుతూ అడిగేవారు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేవారు. పక్కన నేను నిలబడి ఉండేదాన్ని. ఆ ఫలితం మీద ఆమె రాసిన పేపరును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంకో ఏడాదికి ఆమె రిటైరయ్యారు. వీడ్కోలు కేకు మీద ఎవరో సరదాగా సబ్బు బొమ్మ వేయించారు. ఆమె ఆ ముక్కే కోయించుకుని తిన్నారు.

ఆమె రాసిచ్చిన లెటర్‌తోనే నాకు పీఆర్ వచ్చింది. తర్వాత హాస్పిటల్ ల్యాబ్‌లో మంచి ఉద్యోగం వచ్చింది. పండగలకు ఫోన్ చేసేదాన్ని. మొదట్లో నెలనెలా, తర్వాత ఏడాదికి రెండుసార్లు. పోయిన దసరాకి చేయలేదు. షిఫ్టులో ఉన్నాను, రేపు చేద్దాం అనుకున్నాను. ఆ రేపు అలాగే జరిగిపోయింది.

సంతాప సభ అయ్యాక ఆమె కూతురు నా దగ్గరికి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. "ఆంటీ, అమ్మ నోట్‌బుక్స్. ఐ కాంట్ రీడ్ తెలుగు. షీ సెడ్ యూ షుడ్ హావ్ దెమ్," అని ఒక అట్టపెట్టె చేతిలో పెట్టింది. ల్యాబ్ రికార్డులు ఇంగ్లీషులో రాసి యూనివర్సిటీలోనే ఉంచేసినా, ఆమె సొంతానికి వేరే పుస్తకాలు తెలుగులో రాసుకునేవారని నాకు అప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చి ఆ ఏడాది పుస్తకం వెతికి తీశాను. ఆమె పొరపాటు జరిగిన రోజు ఏం రాసుకున్నారో చూసి కాసేపు ఏడ్చుకుందామనే తీశాను. ఆ పేజీలో ఇలా ఉంది:

"నేను – ఏమీ లేదు. రెండుసార్లు చూశాను. పిల్ల – ఉంది. అదే. మాత్రలు వేసుకున్నట్టుంది, భయపడి చెప్పలేదు. కాగితాలు నడుస్తున్నాయి పాపం. ఆరు నెలల్లో దానంతటదే పోవచ్చు. చెప్పను."

ఎన్నిసార్లు చదివానో తెలియదు. మొదట ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మీరు చేసింది తప్పు మేడమ్. అలాంటిది నా కడుపులో ఉందని నాకు చెప్పాలి. నాకు ఏదైనా ఆపరేషన్ జరిగి ఉంటే? నేను ఇంకెవరికైనా అంటించి ఉంటే? తెలిసినట్టు రాయడానికి సిగ్గుపడు అన్న మనిషి, నా కోసం అందరి ముందు అబద్ధం చెప్పారు.

తర్వాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆ వేసవంతా ప్రతి సోమవారం ఆమె ఇంటి నుంచి నాకు పెరుగు డబ్బా తెచ్చేవారు. తోడు బాగా కుదిరింది తినమ్మా అనేవారు. "జ్వరం గిరం వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇండియా వెళ్ళొచ్చానని మొదటే చెప్పు, మర్చిపోకు. రూమ్మేట్‌కి నువ్వు వండి పెట్టకు, ఆ అమ్మాయినే వండమను, నీకూ రెస్టు ఉంటుంది." అప్పుడు అదంతా వయసు మళ్ళిన ఆడమనిషి చాదస్తం అనుకున్నాను. దసరాల టైంలో ఒకసారి, కొత్త పద్ధతి నేర్చుకోవాలి, ఊరికే ప్రాక్టీసుకి, అని మళ్ళీ నా శాంపిల్ అడిగి తీసుకున్నారు. పుస్తకంలో ఆ రోజు కూడా ఉంది. "పిల్ల – పోయింది" అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

నేను యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌కి ఉత్తరం రాశాను. ఆ పొరపాటు నాది, రికార్డులో ఆమె పేరు తీసి నా పేరు రాయండి అన్నాను. మర్యాదగా జవాబిచ్చారు. ఇది పాత సంగతి, ఇప్పుడు మార్చాల్సిన అవసరం కనబడటం లేదు, మీ దుఃఖాన్ని అర్థం చేసుకోగలం అన్నారు. సంతాప సభలో మాట్లాడిన ఆ పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన అంతా విన్నారు. తర్వాత, "ఆమె మీద ఆ సబ్బు జోకు నేనే ఎక్కువసార్లు వేశాను," అన్నారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. పాట్‌లక్‌లలో ఆమెను మందుల పోలీసు అని నవ్విన వాళ్ళం అందరం చదవాలని. ఆమె చేతులు శుభ్రమైనవి. సీగల్స్ గురించి ఆమె చెప్పింది నిజం. దాన్ని ఎవరూ నమ్మకుండా చేసింది నేను రెండు రోజులు వేసుకుని వదిలేసిన మాత్రలు, నేను చెప్పిన ఒక్క ముక్క అబద్ధం.

ఆ "చెప్పను" అన్న పేజీ తిప్పితే తర్వాతి సోమవారం వస్తుంది. ఒకటే లైను ఉంది. "కొత్త ట్యూబులు నూట ఇరవై. పిల్ల చేతే నింపించాను."

ఆ సోమవారం నాకు బాగా గుర్తుంది. ద్రావణం కొత్తగా కాచి, బాటిల్ నా ముందు పెట్టి, "కానీ అమ్మా" అన్నారు. నేను భయంభయంగా గ్లవ్స్ వేసుకున్నాను. ఆమె పక్కనే ఉన్న బల్ల దగ్గర, కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏదో రాసుకోవడం మొదలుపెట్టారు. నూట ఇరవై ట్యూబులు నింపడానికి నాకు రెండు గంటలు పట్టింది. ఎవరి చేయి ఏం చేసిందో అప్పటికే తెలిసిన మనిషి, ఆ రెండు గంటల్లో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.